ఎంబా ఊడ్చిన వాకిలి

మొన్న మా అమ్మాయి అల్ఫారెట్టాలో టౌన్‌హౌస్ కొనుక్కుంది. ఇల్లు తన పేరున రాయించుకునే క్లోజింగ్ రోజు నన్నూ రమ్మంది. "మమ్మీ, నువ్వేం చెయ్యక్కర్లేదు, జస్ట్ పక్కన కూర్చో, నాకు నెర్వస్‌గా ఉంది" అంటే సరేనని వెళ్లాను. లాయరు ఆఫీసులో పెద్ద బల్ల, గాజు గిన్నె నిండా చాక్లెట్లు, ఎముకలు కొరికే ఏసీ. మా పిల్ల సంతకాల మీద సంతకాలు పెడుతోంది. మధ్యలో ఆ లాయరమ్మ ఒక కాగితం ముందుకు జరిపి, ఇది టైటిల్ ఇన్సూరెన్స్ అంది. ఎప్పుడైనా వెనకటి వాళ్లెవరో వచ్చి ఈ చోటు మాదీ అంటే మీకు ఇబ్బంది లేకుండా ఇది చూసుకుంటుందని వివరించింది.

మా పిల్ల ఫక్కున నవ్వింది. "ఎవరొస్తారు మమ్మీ? ఇట్స్ న్యూ కన్‌స్ట్రక్షన్. ముందు ఇక్కడ ఏం లేదు, ఓన్లీ ట్రీస్."

"వస్తారే" అన్నాను నేను. "కొందరు రోజూ వస్తారు."

"మమ్మీ, ప్లీజ్. నాట్ నౌ."

అప్పుడు నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. అందుకని ఇప్పుడు చెప్తాను, వినేవాళ్లు వింటారు.

నా చిన్నప్పుడు మా నాన్న ఇండోనేషియాలో ఒక నూలు మిల్లులో స్పిన్నింగ్ మాస్టరుగా పనిచేశారు. మిల్లు క్వార్టర్స్ ఇంకా కట్టలేదు. అందుకని దగ్గర్లో ఒక పల్లెటూళ్లో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. జావాలో వరిచేల మధ్య చిన్న ఊరు. మేం తప్ప తెలుగు మాట్లాడే ప్రాణి లేదు. ఊరి పెద్దని అక్కడ ఏదో అంటారు గానీ, మా నాన్న మాత్రం మొదటి రోజు నుంచీ "ప్రెసిడెంటు గారు" అనే అనేవారు. మా ఇల్లు ఆయనదే. నాకు అప్పుడు తొమ్మిదో పదో ఉంటాయి.

ఇల్లు బాగుండేది. ఎత్తు పెంకుల కప్పు, నాలుగు టేకు స్తంభాలు, ముందు విశాలమైన మట్టి వాకిలి, వాకిట్లో పనసచెట్టు, దాని పక్కన నీరుజామ. వెనకంతా వరిచేలు. పొద్దున్నే తలుపు తీస్తే తడిసిన గడ్డి కాలుతున్న పొగ, దాంట్లో లవంగాల వాసన. లవంగాలెక్కడివంటే, అక్కడి మగవాళ్లు కాల్చే సిగరెట్లలో లవంగాలుంటాయి. పీల్చినప్పుడల్లా చిటపటమంటాయి. ఇప్పటికీ పులావులో లవంగం నోటికి తగిలితే నాకు ఆ ఊరి రైతులే గుర్తొస్తారు, ఏం చేయను!

అమ్మ మొదట్లో రోజూ ఏడ్చేది. కందిపప్పు లేదు, ఇంగువ లేదు. చుట్టుపక్కల ఇళ్లలో ఎండు రొయ్యల ముద్ద కాలుస్తుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఈ కంపులో ఎలా బతకాలండీ" అని నాన్న మీద విరుచుకుపడేది. ఒక రోజు మిల్లు కంచె పక్కన గోంగూర కనబడింది. అక్కడ గోనెసంచుల నార కోసం పెంచుతారట ఆ మొక్కని, ఆకు ఎవరూ తినరు. అమ్మ చంటిపిల్లలా గెంతింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, కంచెలో చెయ్యి దూర్చి ఒడినిండా కోసుకొచ్చింది. ఆ రాత్రి మేం ముగ్గురం పచ్చడన్నం తిని, మర్నాడు పొద్దున్నా అదే తిన్నాం. ఆ తర్వాత అమ్మ ఏడవడం తగ్గించింది.

నాకైతే ఆ ఊరు స్వర్గమే. నెల తిరక్కుండా భాష వచ్చేసింది. చేలలో పిట్టల్ని తోలడానికి తాళ్లకి రేకు డబ్బాలు కట్టి ఉంచేవాళ్లు. గుడిసెలో కూర్చుని తాడు లాగితే చేనంతా గణగణలాడేది. పిట్టలు లేకపోయినా లాగేవాళ్లం, ముసలి కాపలాదారు తిట్టుకుంటూ వచ్చేదాకా. బాతుల్ని తోలుకెళ్లేవాళ్ల వెనక బురదలో పడి వెళ్లి, ఇంటికి వచ్చి అమ్మ చేత వీపు విమానం మోత మోగించుకునేదాన్ని.

ఒక్కటే లోటు. పిల్లలంతా నాతో చేలలో ఆడతారు, బడిలో ఆడతారు, మా వాకిట్లోకి మాత్రం అడుగు పెట్టరు. నీరుజామ కాయలు ఎర్రగా రాలి పడుంటాయి, గేటు అవతల నిలబడి చూస్తారే తప్ప లోపలికి రారు. ఎందుకే అంటే, "ఆ ఇంటాయన ఉన్నాడు" అంటారు.

"ఇంటాయన మా నాన్నే కదే!"

"మీ నాన్న కాదు" అని పరిగెత్తేవాళ్లు.

దానికి తోడు వాకిలి గొడవ ఒకటి. అమ్మకి తెల్లారకుండానే లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గేయందే కాఫీ గొంతు దిగదు. ఆ ఇంట్లో దిగిన మర్నాడు చీపురు పట్టుకుని వెళ్తే, వాకిలి అప్పటికే ఊడ్చి ఉంది. చీపురు ఈనెల గీతలు దువ్వెనతో దువ్వినట్టు తిన్నగా ఉన్నాయి. ఆ గీతల మీద ఒక్క అడుగుజాడ లేదు. మెట్ల దగ్గర నుంచి గేటు దాకా ఎక్కడా లేదు. మర్నాడూ అంతే. అమ్మ మొహం పాలిపోయింది.

"ఏమండీ, ఈ ఇంట్లో ఏదో ఉందండీ."

"ఉంటే మంచిదేగా. వాకిలి ఊడుస్తోంది, అంట్లు కూడా తోమమను" అన్నారు నాన్న పేపరు తిప్పుతూ.

"మీకు అన్నీ ఎకసెక్కాలే! ఆడపిల్ల తిరిగే ఇల్లు!" అని అమ్మ గుమ్మానికి నిమ్మకాయ కట్టింది. నిమ్మకాయ ఎండిపోయింది, ఊడవడం మాత్రం ఆగలేదు. ఆఖరికి ఒక తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి, కిటికీ వెనక నిలబెట్టి, తనూ నా భుజం గట్టిగా పట్టుకుని నిలబడింది. సర్ సర్ మని చప్పుడు. మంచులోంచి ఒక ఆడమనిషి. ముదురు రంగు లుంగీ లాంటి గుడ్డ, పాత జాకెట్టు, నెరిసిన ముడి. మెట్ల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, తన అడుగుల్ని తనే చెరుపుకుంటూ గేటు దాకా ఊడ్చి, బయటికి వెళ్లి గేటు మూసింది. ఆ తర్వాత ఒక్క క్షణం ఇంటి కేసి చూసింది. ఆ చూపేమిటో మా ఇద్దరికీ తెలిసింది. దయ్యం కాదు. ఎవరో ఇంటి మనిషి పొరుగూరు వెళ్తూ అన్నీ సర్దానా లేదా అని చూసుకున్నట్టుంది.

పెద్దావిడని అక్కడ "ఎంబా" అంటారు, మన బామ్మ, అమ్మమ్మ లాగా. మేమూ ఎంబా అనే పిలిచాం. అమ్మ ఆవిడని ప్రెసిడెంటు గారి బీద చుట్టం అనుకుంది. జీతం ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. పాత చీర ఇవ్వబోతే నవ్వి తల అడ్డంగా ఊపింది. కాఫీ మాత్రం తాగేది, అదీ లోపలికి రాకుండా మెట్ల మీద కూర్చుని. అమ్మ ముగ్గు వేస్తుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది. మర్నాడు ఊడ్చేటప్పుడు పాత ముగ్గు చుట్టూ ఊడ్చి, ముగ్గుని మాత్రం ముట్టుకునేది కాదు. "ఇదేం చోద్యమే తల్లీ, ముగ్గు చెరిపితే గదా కొత్తది వేసేది" అని అమ్మ నవ్వి, తనే చెరిపేది.

అసలు సంగతి మాకు చాలా తర్వాత, పక్కింటి టీచరమ్మ చెప్తే తెలిసింది. కానీ మీకు ఇక్కడే చెప్పేస్తాను, దాచి పెట్టి చెప్పడం నాకు చేతకాదు. ఆ ఇల్లు ఎంబాదే. వెనక చేలూ వాళ్లవే. నేను పుట్టకముందు ఒక ఏడాది ఆ దేశంలో ఊళ్లలోకి సైనికుల లారీలు వచ్చి మనుషుల్ని ఎక్కించుకుపోయాయట. ఎంబా మొగుడు రైతు. దున్నేవాడికి కూడా కాస్త నేల ఉండాలి అని నలుగురిలో మాట్లాడేవాడు, అంతే ఆయన చేసిన నేరం. లారీ ఎక్కినవాడు మళ్లీ రాలేదు. చచ్చాడని చెప్పినవాళ్లు లేరు, చూసినవాళ్లు లేరు. ఆ తర్వాత ఇల్లూ చేలూ ఎలాగో ప్రెసిడెంటు చేతికొచ్చాయి. ఎంబా చేను గట్టున వెదురు తడికల గుడిసెలోకి మారింది. ఆ రోజు నుంచి ఎంబా మొగుడి పేరు ఊళ్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే లారీ మళ్లీ వస్తుందని భయం.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటి వాకిలి ఎవరు ఊడుస్తారో ఆ ఇల్లు వాళ్లది. కోర్టులో చెల్లే మాట కాదు, కానీ ఊరు నమ్ముతుంది. ఎంబా ఒక్క పూట మానకుండా ఊడ్చింది. ప్రెసిడెంటు ఆపలేకపోయాడు. నువ్వెందుకు ఊడవకూడదో చెప్పాలంటే ముందు నువ్వెవరివో చెప్పాలి, అది చెప్పాలంటే ఆ పేరు ఎత్తాలి. ఆయనకీ ఆ పేరంటే భయమే. కాబట్టి ఆయన, ఎవరో పిచ్చిది ఊడ్చుకుంటోంది అన్నట్టు ఊరుకున్నాడు. ఊరూ ఊరుకుంది. అందరూ నోరు మూసుకున్నంత కాలం ఆ ఇల్లు పూర్తిగా ఆయనదీ కాలేదు, పూర్తిగా ఎంబా చెయ్యి జారిపోనూ లేదు. మిల్లువాళ్లు ఆ స్థలం అడుగుతున్నా, రోజూ ఊడ్చిన వాకిలి చూసి కొనడానికి వెనకాడుతున్నారట.

ఇందులో ఏదీ మా అమ్మకి తెలియదు. శ్రావణమాసం వచ్చింది. వ్రతం చేసుకుని ముత్తయిదువలకి పేరంటం ఇవ్వకపోతే ఎలా? తెలుగువాళ్లు లేకపోతే ఏం, ఆడవాళ్లు ఉన్నారుగా అంది అమ్మ. శనగలు దొరకలేదు, వేరుశనక్కాయలు నానబెట్టింది. తమలపాకులకి మాత్రం కొదవ లేదు, ఆ ఊళ్లో ముసలమ్మలంతా నమిలేవాళ్లే. నన్ను ఇంటింటికీ పంపింది. ప్రెసిడెంటు గారి భార్య నుంచి టీచరమ్మ దాకా అందరినీ పిలిచాను. ఎంబాని అమ్మే స్వయంగా, మెట్ల మీద కాఫీ తాగుతుండగా పిలిచింది. "మీ ఆయన ఉన్నారా?" అని ముందు అడిగింది, మన పేరంటానికి అది తెలియాలి కదా. ఎంబా కాసేపు కాఫీ గ్లాసులోకి చూసి, "ఉన్నారు" అంది. "అయితే తప్పకుండా రావాలి" అంది అమ్మ.

మొదటిసారి మా వాకిలి నిండా చెప్పులు. పిల్లలు గేటు దగ్గరే ఆగిపోయారు గానీ ఆడవాళ్లు వచ్చారు, కొత్త వింత చూడాలని. బొట్టు కొందరు వద్దన్నారు. పాదాలకి పసుపు మాత్రం నవ్వుతూ రాయించుకున్నారు. వాళ్లూ పెళ్లికూతురికి పసుపు నలుగు పెడతారట. ఎంబా అందరికన్నా ఆఖర్న, గుమ్మం పక్కన కూర్చుంది. ఇన్నేళ్లకి ఆ ఇంటి గడప దాటడం అదే మొదలని నాకు అప్పుడు తెలియదు. వేళ్లతో టేకు స్తంభాన్ని తడుముతూ ఉంది.

అమ్మ ఆ రోజు మంచి ఊపులో ఉంది. పుట్టింట్లో ఉన్నట్టే ఉందేమో పాపం. తాంబూలం పళ్లెం పట్టుకుని, నా చేత చెప్పించింది: "మా వైపు మొగుడి పేరు చెప్తే గానీ తాంబూలం ఇవ్వం. అందరూ చెప్పాలి!" ముందు తనే నాన్న పేరు చెప్పి, చెప్తూ సిగ్గుతో మెలికలు తిరిగిపోయింది. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. మొగుడి పేరు చెప్పడానికి సిగ్గేమిటని వాళ్లకి. ఒక్కొక్కరూ తమాషాగా చెప్పడం, తాంబూలం అందుకోవడం. ప్రెసిడెంటు భార్య గొంతు పెంచి, పదవితో సహా చెప్పింది. టీచరమ్మ చెప్పింది. అమ్మ గుమ్మం దగ్గరకి వచ్చి ఎంబా ముందు వంగి, ఈసారి నా సాయం లేకుండా, తనకి వచ్చిన రెండు ముక్కల భాషలో అడిగింది.

"మీ ఆయన పేరు?"

నవ్వులు ఆగిపోయాయి. టీచరమ్మ అమ్మ కొంగు పట్టి లాగింది. అమ్మకి అర్థం కాలేదు, "ఫర్వాలేదు, సిగ్గుపడకండి" అని ఇంకా బతిమాలుతోంది. ఎంబా తలెత్తి ప్రెసిడెంటు భార్య వైపు చూసింది. తర్వాత అమ్మ కళ్లలోకి చూసి, ఆ పేరు చెప్పింది. గట్టిగా, పూర్తిగా, ముందూ వెనకా ఏదీ మింగకుండా.

"ఇంకా రాలేదు" అంది ఆ తర్వాత.

అమ్మ సంతోషంగా పళ్లెం అందించింది. ఎంబా రెండు చేతులతో అందుకుంది. ప్రెసిడెంటు భార్య లేచి, తాంబూలం నేల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఆమె వెనకే అందరూ. నిమిషంలో ఇల్లు ఖాళీ అయింది. "ఏమైందే? నేనేమన్నానే?" అని అమ్మ నన్ను పట్టుకుని కుదిపేసింది. నాకేం తెలుసు?

మర్నాడు ప్రెసిడెంటు ఒక ఖాకీ బట్టల మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. నిన్నటి దాకా పిచ్చిది, ఇవాళ ఆ మనిషి పెళ్లాం. పేరు పైకి వచ్చేసింది కాబట్టి ఇక ఆయనకి భయపడాల్సింది లేదు. "ఆ మనిషి పెళ్లాం ఈ గేటు తొక్కితే మీకూ మంచిది కాదు, మీ మిల్లుకీ మంచిది కాదు" అన్నాడు నాన్నతో. పరాయి దేశం, పర్మిట్ మీద బతుకు, నాన్న ఏం మాట్లాడతారు! తల ఊపారు. సాయంత్రానికి గేటుకి వెదురు కంచె అడ్డం పడింది. పక్కదారిన వచ్చి టీచరమ్మ అమ్మకి అంతా చెప్పింది, గుసగుసగా, ఏడుస్తూ.

అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ తర్వాత వాకిలి ఊడవనూ లేదు, ముగ్గు వేయనూ లేదు. పనసాకులు రాలి పాదాలు మునిగేంత పేరుకున్నాయి. నాన్న చీపురు తీయబోతే లాక్కుంది. "ముట్టుకోకండి. మనం ఊడిస్తే మనమూ వాడి పక్షాన చేరినట్టే" అంది. నాన్న ఎకసెక్కం చేయలేదు, మొదటిసారి.

ఒక మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని చేను గట్టున నడిచి ఎంబా గుడిసెకి వెళ్లింది. ఎంబా చిలగడదుంపలు కాలుస్తోంది. అమ్మ ఆవిడ కాళ్ల మీద పడిపోయింది. "నా నోరు పడిపోనూ! మీ ఇంటిని నేనే పోగొట్టాను. తెలియక అడిగానమ్మా, తెలియక" అని తెలుగులోనే ఏడ్చేసింది. నేను వెక్కుతూ ఆ భాషలోకి మార్చి చెప్పాను.

ఎంబా అమ్మని లేవదీసి చాప మీద కూర్చోబెట్టింది. దుంప తొక్క తీసి నా చేతిలో పెట్టింది. ఆ వేడికి నా వేళ్లు కాలాయి.

"మీ అమ్మకి చెప్పు" అంది. "తనకి తెలియదు, నాకు తెలుసు. ప్రెసిడెంటు పెళ్లాం ఎదురుగా కూర్చుని ఉంది, చూశాను. ఏమవుతుందో తెలిసే చెప్పాను."

"మరి ఎందుకు చెప్పారు?" అన్నాను నేను. ఇది అమ్మ అడగమన్నది కాదు.

ఎంబా పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"ఇల్లు నాదని ఊరికి తెలుసు, చెప్పక్కర్లేదు. ఆయన ఉన్నాడని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. చిన్నప్పటి స్నేహితులు కూడా ఆయన మాట రాకుండా నాతో మాట్లాడతారు. ఇన్నేళ్లలో మీ అమ్మ ఒక్కతే ఆయన పేరు అడిగింది. అడిగినప్పుడు కూడా చెప్పకపోతే, పెళ్లాన్ని అయ్యుండి నేనే ఆయన్ని లారీ ఎక్కించినట్టు. ఇల్లు పోతే పోనీ."

ఇది నేను అమ్మకి చెప్పడానికి చాలాసేపు పట్టింది. అమ్మ విని, ఎంబా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

ఆ వర్షాకాలంలోపే ఇల్లు మిల్లుకి అమ్ముడుపోయింది. మేం క్వార్టర్స్‌కి మారాం. టేకు స్తంభాలు లారీలో తీసుకెళ్లారు, పనసచెట్టు కొట్టేశారు, అక్కడ పత్తి బేళ్ల గోడౌను లేచింది. కొన్నాళ్లకి నాన్న ఉద్యోగం మారింది, మేం దేశమే వదిలేశాం. ఎంబా ఎన్నాళ్లు బతికిందో, ఆయన గురించి ఏమైనా తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలిసే దారీ లేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ ఊరి మాట వస్తే గోంగూర గురించి చెప్పి నవ్వేది, పేరంటం మాట మాత్రం ఎత్తేది కాదు.

ఆ పేరు నాకు గుర్తుంది. మూడక్షరాలు, ఆ దేశంలో ఏ రైతుకైనా ఉండే పేరే. ఇక్కడ రాద్దామని కూర్చున్నాను, రెండుసార్లు చెయ్యి ఆగిపోయింది. ఎవరికి భయం, ఎందుకు భయం అంటే చెప్పలేను. అక్కడ ఆ లారీలెక్కినవాళ్ల పిల్లలు ఇంకా ఉండి ఉంటారు, ఆ ప్రెసిడెంటు మనవలూ ఉండి ఉంటారు. ఊరంతా ఎందుకు నోరు మూసుకుందో నాకు ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. సిగ్గుగానూ ఉంది.

అయితే ఒకటి చేస్తాను. ఫోర్ హండ్రెడ్ హైవే మీద ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లేటప్పుడు, రేడియో కట్టేసి, కిటికీ అద్దాలు ఎత్తి, ఆ పేరు పైకి అంటాను. పూర్తిగా, ఏదీ మింగకుండా. నన్నెవరూ అడగరు. అయినా చెప్తాను.